నాలుగు రాత్రుల విదేశయాత్రకు పూటల లెక్క

విశాఖపట్నంలో కాపురముండేవారి ఇంటికి ఏడాదికి ఒకసారైనా చుట్టాలు దిగుతారు. "రెండు రోజులే ఉంటాం, ఊరంతా చూపించాలి" అని వారు అనగానే మన మనసులో ఒక లెక్క తనంతట తానే మొదలవుతుంది. సింహాచలం దర్శనానికి ఒక ఉదయం కావాలి. కురుసుర సబ్‌మెరైన్, ఆర్కే బీచ్, కైలాసగిరి కలిపితే ఒక సాయంత్రం పడుతుంది. బొర్రా గుహలు, అరకు చూడాలంటే తెల్లవారకముందే లేచి వెళ్లి రాత్రికి గాని తిరిగి రాలేం కనుక ఒక రోజు పూర్తిగా దానికే వదిలేయాలి. అరకు నుంచి దిగిన సాయంత్రమే భీమిలి కూడా చూసేద్దామని చుట్టం అడిగితే, కాళ్లు పట్టేస్తాయి, రేపు చూద్దామని మనమే నచ్చజెబుతాం. అయితే మనం విదేశానికి బయలుదేరేటప్పుడు మాత్రం ఈ తెలివిడిని ఇంట్లోనే వదిలి వెళతాం. ఆ ఊరి ఎండ, క్యూలు, మెట్లు మనకు తెలియవు కనుక పటం మీద అంగుళం దూరంలో కనిపించిన రెండు చోట్లను ఒకే పూటలో ఇరికిస్తాం.

మేమూ అలాగే చేశాం. కొన్నేళ్ల క్రితం అమ్మను, ఇద్దరు పిల్లలను తీసుకుని మొదటిసారి సింగపూర్, కౌలాలంపూర్ వెళ్లినప్పుడు ఒక ట్రావెల్ ఏజెంటు వేసి ఇచ్చిన ఆరు రోజుల పట్టికను ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ఒప్పుకున్నాం. అందులో రోజుకు అయిదారు పేర్లున్నాయి. మెర్‌లయన్ విగ్రహం దగ్గర ఇరవై నిమిషాలు మాత్రమే ఇస్తామని బస్సులో చెప్పారు. అందరూ ఫొటోల కోసం పరుగెత్తుతూ ఉంటే అమ్మ అక్కడి మెట్ల మీద కూర్చుని, కుడికాలి చెప్పు విప్పి, మడమను రెండు చేతులతో ఒత్తుకుంటూ "మీరెళ్లి చూసొచ్చేయండి నాయనా, నేనిక్కడే ఉంటాను" అంది. మర్నాడు మలేషియాకు బస్సులో వెళుతూ సింగపూర్ వైపు ఒకసారి, మలేషియా వైపు ఒకసారి దిగి, సామానుతో వరుసలో నిలబడవలసి వచ్చినప్పుడు ఆమె ముఖం చూడలేకపోయాను. ఇంటికి వచ్చాక మా పెద్దమ్మ "ఏం చూశావే?" అని అడిగితే, బస్సు కిటికీలోంచి చాలా కనిపించాయని చెప్పింది. ఆ తప్పు మళ్లీ చేయకూడదని, రెండోసారి వెళ్లేటప్పుడు పట్టికను నేనే వేసుకున్నాను. అప్పుడు నేర్చుకున్న పద్ధతినే ఇక్కడ రాస్తున్నాను. విశాఖ నుంచి నేరుగా విమానం ఉన్న ఊరు కనుక ఉదాహరణకు సింగపూర్‌నే తీసుకుంటున్నాను. పద్ధతి మాత్రం ఏ ఊరికైనా ఒకటే.

ముందుగా పూటలను లెక్కపెట్టండి

అయిదు రోజులు, నాలుగు రాత్రులు అని ప్రకటనల్లో కనిపించే మాటను నమ్మి అయిదు రోజులు చేతిలో ఉన్నాయనుకోకండి. ఒక తెల్ల కాగితం మీద ప్రతి రోజునూ ఉదయం, సాయంత్రం అని రెండు పూటలుగా విడదీయండి. ఇప్పుడు విమానం వేళలను ఆ కాగితం మీద వేసి చూడండి. విశాఖలో రాత్రి పదకొండు గంటలకు విమానం ఎక్కారనుకుందాం. ప్రయాణం నాలుగు గంటల పైచిలుకు ఉంటుంది, సింగపూర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు నడుస్తుంది. కాబట్టి అక్కడ దిగేసరికి ఉదయం ఆరు అవుతుంది, మన ఒంటికి మాత్రం అది ఇంకా తెల్లవారుజాము మూడున్నరే. ఇమిగ్రేషన్, సామాను, ప్రయాణం అన్నీ ముగించుకుని హోటల్‌కు చేరేది ఎనిమిది దాటాక. గది చేతికి వచ్చేది సాధారణంగా మధ్యాహ్నం రెండు, మూడు గంటలకు.

చాలా పట్టికలు చెడిపోయేది ఈ మొదటి ఉదయం దగ్గరే. నిద్ర లేని కళ్లతో, స్నానం లేకుండా జూకో, థీమ్ పార్కుకో తీసుకుపోతే ఆ రోజు టికెట్టు డబ్బులు నీళ్లలో పోసినట్టే, పైగా ఆ అలసట మూడో రోజు వరకు వదలదు. గది ఇవ్వకపోయినా సామాను ఉంచుకోవడానికి హోటళ్లవారు సాధారణంగా ఒప్పుకుంటారు కనుక, ముందే ఈమెయిల్ రాసి అడగండి. సామాను అక్కడ పెట్టి, దగ్గర్లో ఇడ్లీయో దోసెయో తిని, నడిచిపోగలిగిన ఒక్క చోటు మాత్రం చూసి, గది దొరకగానే మూడు గంటలు నిద్రపోండి. మీతో పెద్దవారుంటే, ముందు రాత్రికి కూడా గది బుక్ చేసి, దిగగానే పడుకునే ఏర్పాటు చేయడం నా దృష్టిలో దుబారా కాదు. ఒక రాత్రి అద్దె పోయినా తర్వాతి మూడు రోజులు దక్కుతాయి.

తిరుగు ప్రయాణం రోజున విమానానికి మూడు గంటల ముందు విమానాశ్రయంలో ఉండాలి. కాబట్టి విమానం రాత్రి ఉన్నా సాయంత్రం పూటను కొట్టేయాలి. ఇలా చూస్తే అయిదు రోజుల యాత్రలో మొదటి రోజు సాయంత్రం ఒకటి, మధ్య మూడు రోజులకు ఆరు, చివరి ఉదయం ఒకటి కలిపి ఎనిమిది పూటలే మిగులుతాయి. అందులో ఒకటి తప్పనిసరిగా ఖాళీగా ఉంచాలి కనుక చేతిలో ఉన్నవి ఏడు. ఏడు పూటలకు ఏడు పేర్లు రాయండి. ఎనిమిదో పేరు రాయాలనిపిస్తే ఉన్నవాటిలో ఒకటి తీసేయండి. ఈ నియమాన్ని సడలించకుండా పాటిస్తే మిగిలిన పని సులువవుతుంది.

విశాఖ నుంచి నేరుగా విమానం లేని దేశానికి వెళ్లేవారు హైదరాబాద్, చెన్నై, బెంగళూరు, ఢిల్లీల మీదుగా పోవాలి. విశాఖ నుంచి ఆ ఊరికి ఒక టికెట్టు, అక్కడి నుంచి విదేశానికి వేరే టికెట్టు కొంటే కొంత డబ్బు మిగలవచ్చు. అయితే మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే ఆ నష్టం పూర్తిగా మనదే. మొత్తం ప్రయాణం ఒకే పీఎన్ఆర్ కింద ఉండేలా కొనండి, అది కుదరకపోతే ముందు రోజే ఆ ఊరు చేరండి. దసరా సెలవుల్లో వెళ్లేవారికి ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే అక్టోబరు, నవంబరు నెలలు మన తీరానికి తుఫానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు మన విమానాశ్రయమే దెబ్బతిని రోజుల తరబడి విమానాలు లేని సంగతి ఈ ఊరివారికి వేరే చెప్పనక్కర్లేదు.

తక్కువ నడిచేవారి కాళ్లే కొలత

కుటుంబంలో అందరికంటే తక్కువ నడవగలవారు ఎవరో ముందే తేల్చుకోవాలి. అమ్మా, నాన్నా అయినా, నాలుగేళ్ల పిల్లవాడైనా సరే, పట్టిక వారి కొలతకే ఉండాలి. వారిని అడిగితే "నాకేం, నడుస్తాను" అనే అంటారు, మనల్ని ఇబ్బంది పెట్టకూడదని. అందుకని ప్రయాణానికి నెల ముందు ఒక ఆదివారం పొద్దున బీచ్ రోడ్డుకు తీసుకువెళ్లి, కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి పార్క్ హోటల్ వైపు తాపీగా నడిపించండి. మొదటిసారి ఎక్కడ ఆగారో, రెండోసారి గట్టు మీద కూర్చోవాలని ఎప్పుడు అనిపించిందో గడియారం చూసి రాసుకోండి. మా అమ్మ ఇరవై రెండు నిమిషాలకు కూర్చుంది. ఆ ఇరవై రెండు నిమిషాలనే ప్రమాణంగా పెట్టుకుని, మా రెండో పట్టికలో ప్రతి చోటా అంతకు ముందే కూర్చునే వీలుందో లేదో చూసుకున్నాను.

ఫోనులో పటం చూపించే ప్రయాణ సమయం ఒంటరిగా, చేతిలో సంచి లేకుండా, ఆ రైలు ఎక్కడం అలవాటైన మనిషికి వర్తిస్తుంది. కుటుంబంతో అయితే అరగంట అన్నచోట యాభై నిమిషాలు వేసుకోండి. స్టేషన్ లోపలి నడక, లిఫ్టు కోసం వెతుకులాట, బాత్రూము, ఎటువైపు రైలు ఎక్కాలన్న చర్చ అన్నీ అందులోకి వస్తాయి. భోజనానికి కూడా గంటకు తక్కువ రాయకండి. మనవారికి శనివారాలూ, కార్తీకమాసాలూ ఉంటాయి. శాకాహారం కోసం వీధి వీధీ తిరిగే సమయం ఏ పట్టికలోనూ కనిపించదు గాని ప్రతి రోజునూ కొరుక్కు తినేది అదే.

హోటల్ ఎక్కడన్నది సగం పట్టిక

గది అద్దె చౌకగా ఉందని ఊరి చివర దిగితే రోజూ రెండు గంటలు రైళ్లలోనే పోతాయి. చూడదలచిన ఏడు చోట్లను పటం మీద గుర్తుపెట్టి, ఎక్కువ చోట్లకు రైలు మారకుండా వెళ్లగల స్టేషన్ ఏదో చూసి, దానికి పది నిమిషాల నడకలో గది వెతకండి. సింగపూర్‌లో మేము రెండోసారి లిటిల్ ఇండియా స్టేషన్ దగ్గర దిగాం. ఆ స్టేషన్‌లో రెండు ఎంఆర్‌టీ, అంటే అక్కడి మెట్రో రైలు, లైన్లు కలుస్తాయి. డౌన్‌టౌన్ లైన్ ఎక్కితే రోచోర్, బూగిస్, ప్రామినేడ్ దాటాక నాలుగో స్టేషన్ బేఫ్రంట్, అక్కడ దిగితే గార్డెన్స్ బై ద బే అనే పెద్ద తోట పక్కనే. నార్త్ ఈస్ట్ లైన్ ఎక్కితే ధోబీ ఘాట్, క్లార్క్ కీ దాటగానే చైనాటౌన్, ఆ లైన్ చివర హార్బర్‌ఫ్రంట్‌లో దిగితే అక్కడి నుంచి సెంటోసా ద్వీపానికి చిన్న రైలు ఉంది. భోజనానికి సెరంగూన్ రోడ్డు ఉండనే ఉంది. మన బ్యాంకు కార్డు అంతర్జాతీయ చెల్లింపులకు తెరిచి ఉండి, కాంటాక్ట్‌లెస్ అయితే దాన్నే గేటు దగ్గర తాకించి రైలెక్కవచ్చు. అయితే బ్యాంకు రుసుము ఎంతో ముందే అడగండి.

ఇలా దగ్గరి చోట్లను ఒకే పూటలో, దూరపు చోటును విడిగా పెట్టాలి. మండాయ్‌లో ఉన్న జూ, నైట్ సఫారీ, పక్షుల పార్కు మెరీనా బే నుంచి ఇంచుమించు మన ఆర్కే బీచ్ నుంచి భీమిలి ఉన్నంత దూరం. దగ్గర్లో రైలు స్టేషన్ లేదు కనుక ఖతీబ్‌లో దిగి బస్సు ఎక్కాలి. పగలు జూ చూసి నగరానికి వచ్చి మళ్లీ రాత్రి సఫారీకి పోవడమన్నది అరకు వెళ్లొచ్చి మళ్లీ అరకు వెళ్లడమే. నైట్ సఫారీ తెరిచేదే రాత్రి 7:15కు కనుక, మధ్యాహ్నం మూడున్నరకు జూలోకి వెళ్లి, అక్కడే ఏదైనా తిని, సఫారీలో ట్రామ్ ఎక్కి రాత్రికి రావచ్చు. ఆ రోజు ఉదయం మాత్రం గదిలో ఆలస్యంగా లేవండి. ఖాళీ పూటను ఇలా బరువైన పూటకు ముందు పెట్టడం మంచిది.

వారం, వాన, తలుపులు

పేర్లు రాశాక ప్రతి చోటుకూ అధికారిక వెబ్‌సైట్ తెరిచి, సెలవు రోజు, తెరిచే వేళ, చివరి ప్రవేశం ఈ మూడూ చూడాలి. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియానికి మంగళవారం సెలవు. కౌలాలంపూర్ పెట్రోనాస్ టవర్ల పైకి సోమవారం వెళ్లనివ్వరు. బాంకాక్ గ్రాండ్ ప్యాలెస్‌లోకి మధ్యాహ్నం మూడున్నర తర్వాత రానివ్వరు, మోకాళ్లు, భుజాలు కనిపించే దుస్తులతో ఎప్పుడూ రానివ్వరు. బాలి ద్వీపంలో న్యేపి పండుగ రోజున విమానాశ్రయం కూడా మూసివేస్తారు. సింగపూర్‌లో చైనా కొత్త సంవత్సరం మొదటి రెండు రోజులు చాలా దుకాణాలు తెరవరు, ఆ పండుగ మన సంక్రాంతి వెళ్లాక జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో వస్తుంది. సింగపూర్ గుళ్లు కూడా మన గుళ్లలాగే మధ్యాహ్నం తలుపులు మూస్తాయి కనుక చైనాటౌన్‌లో ఉన్న, 1827 నాటి శ్రీ మారియమ్మన్ గుడికి ఉదయమో సాయంత్రమో వెళ్లాలి.

వాన సంగతి కూడా పట్టికలో ఉండాలి. సింగపూర్‌లో ఏడాది పొడవునా వానలు పడతాయి, నవంబరు నుంచి జనవరి వరకు మరీ ఎక్కువ, మధ్యాహ్నం దాటాక ఉరుములతో ఒక్కసారిగా కురిసి వెలుస్తుంది. అందువల్ల ఆరుబయట తిరిగేవి ఉదయం పెట్టి, మధ్యాహ్నానికి కప్పు కింది చోట్లను ఉంచండి. గార్డెన్స్ బై ద బేలో క్లౌడ్ ఫారెస్ట్, ఫ్లవర్ డోమ్ రెండూ అద్దాల కప్పుల కింద చల్లగా ఉంటాయి. నాలుగు గంటలకు వాటిలోకి వెళ్లి బయటికి వస్తే, సూపర్‌ట్రీలనే చెట్ల ఆకారపు ఎత్తయిన కట్టడాల మీద దీపాల ప్రదర్శన 7:45కు చూడవచ్చు, అది తప్పిపోతే 8:45కు మరొకటి ఉంటుంది. ప్రదర్శనకు టికెట్టు లేదు. అమ్మ అక్కడ నేల మీద పరచుకున్న దుప్పటి మీద పడుకుని పైకి చూస్తూ ఉండిపోయింది. ఎవరూ ఆమెను లేవమనలేదు, పక్కనున్న పిల్లలూ అలాగే పడుకున్నారు.

వేళ ముద్రించిన టికెట్లు రోజుకు ఒక్కటి మించి కొనకండి. రెండు ఉంటే మొదటిచోట ఆలస్యమైనప్పుడు రెండోది పోతుంది, లేదా రెండోదాని భయంతో మొదటిది సగంలో వదిలేస్తారు. కొనేముందు తేదీ మార్చుకునే వీలుందో లేదో చూడండి. కొండలు చూడబోయేవారికి ఇది మరీ అవసరం. స్విట్జర్లాండ్‌లో 3,454 మీటర్ల ఎత్తున ఉన్న యుంగ్‌ఫ్రావ్‌యోఖ్‌కు ఎంతో ఖర్చుపెట్టి ఎక్కాక మబ్బు తప్ప ఏమీ కనిపించని రోజులుంటాయి. ఆ పూటను రెండు రోజుల్లో ఎటైనా జరుపుకునేలా ఉంచి, ముందు సాయంత్రం వాతావరణం చూసి నిర్ణయించుకోవాలి.

ఊరు మారడానికి అయ్యే ఖర్చు

యూరప్ యాత్రలో వారం రోజులకు నాలుగు దేశాలు పెట్టడం మనవారికి ఇష్టం. మళ్లీ వెళతామో లేదో అన్న ఆలోచన అందుకు కారణమని నాకు తెలుసు, ఆ ఆశను తప్పుపట్టను. అయినా లెక్క వేసి చూడండి. పారిస్ నుంచి జ్యూరిక్‌కు రైలు ప్రయాణం సుమారు నాలుగు గంటలే. గది ఖాళీ చేసి, సామాను సర్ది, స్టేషన్‌కు చేరి, దిగాక కొత్త హోటల్ వెతుక్కుని తాళం చేతికి తీసుకునేసరికి ఏడు గంటలు అవుతుంది, అంటే ఒక రోజు పోయినట్టే. వారానికి రెండు ఊళ్లు, నాలుగు రాత్రులకు ఒకే ఊరు అన్నది నా నిర్ణయం. ఒకే హోటల్‌లో ఉండి పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగి వచ్చే పక్క ఊళ్లు ఉంటే అది వేరే సంగతి.

కాగితాల విషయం క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే నిబంధనలు మారుతూ ఉంటాయి, వాటిని ఆయా దేశాల అధికారిక సైట్లలోనే చూడాలి. తిరిగి వచ్చే తేదీకి పాస్‌పోర్టు ఇంకా ఆరు నెలలైనా చెల్లుబాటులో ఉండాలి, లేకపోతే టికెట్లు కొనకముందే మర్రిపాలెం పాస్‌పోర్టు కార్యాలయం పని చూసుకోండి. యూరప్‌లో చాలా దేశాలకు కలిపి చెల్లే షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు, 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా చూపించాలి. సింగపూర్‌కు భారతీయులు ముందే వీసా తీసుకోవాలి, దానితోపాటు చేరే రోజుతో కలిపి మూడు రోజుల లోపు అరైవల్ కార్డును ఆన్‌లైన్‌లో ఉచితంగా నింపాలి. దానికి డబ్బు అడిగే సైటు అధికారికమైనది కాదు. వీసా చేతికి రాకముందు వాపసు లేని టికెట్లు, గదులు కొనకండి.

మా పట్టిక ఎలా కుదిరింది

మొదటి సాయంత్రం నిద్ర లేచాక సెరంగూన్ రోడ్డులో వీరమాకాళియమ్మన్ గుడి వరకు నడిచి, అక్కడే భోజనం చేసి తొమ్మిదికల్లా పడుకున్నాం. రెండో రోజు ఉదయం చైనాటౌన్, సాయంత్రం గార్డెన్స్ బై ద బే. మూడో రోజంతా సెంటోసా. రెండు పూటలనూ ఒక్క చోటుకే ఇచ్చాం. పిల్లలు, వాళ్ల నాన్న అక్కడి యూనివర్సల్ స్టూడియోస్ థీమ్ పార్కులోకి వెళ్లారు, అమ్మా నేనూ టికెట్టు కొనకుండా సముద్రం ఒడ్డున కూర్చున్నాం. అందరూ అన్నీ చూడాలన్న పట్టుదల లేకపోతే టికెట్ల డబ్బూ మిగులుతుంది, ఒకరి కోసం ఒకరు విసుక్కోవడమూ తప్పుతుంది. నాలుగో రోజు ఉదయం ఖాళీగా ఉంచి, మధ్యాహ్నం నుంచి మండాయ్‌కి వెళ్లాం. ఆ ఖాళీ ఉదయమే అమ్మకు అన్నిటికంటే నచ్చింది. నడకదూరంలోని శ్రీనివాస పెరుమాళ్ గుడికి వెళ్లి, దర్శనం అయ్యాక గంటన్నర మండపంలో కూర్చుంది, దారిలో పూల కొట్టు దగ్గర మల్లెదండ బేరమాడి కొనుక్కుంది. పట్టికలో ఆ పూటకు నేను రాసింది ఒక్క గీత మాత్రమే.

చివరి ఉదయం ముస్తఫా సెంటర్‌లో బంధువులకు కొనవలసినవి కొని, విమానాశ్రయానికి త్వరగా వెళ్లాం. చాంగీ విమానాశ్రయం పక్కనే ఉన్న జ్యూయెల్ అనే దుకాణాల సముదాయంలో 40 మీటర్ల ఎత్తు నుంచి పడే జలపాతం టికెట్టు లేకుండా చూడవచ్చు. సామాను ముందే అప్పగించగలిగితే విమానం వేళ వరకు అక్కడ నిశ్చింతగా గడపవచ్చు. ఊరి చివర ఉన్న చోటును చివరి పూటకు పెట్టుకుని గడియారం చూసుకుంటూ పరుగెత్తడం కంటే ఇది ఎంతో మేలు.

పట్టిక పూర్తయ్యాక దాన్ని కాగితం మీద ముద్రించి, హోటల్ చిరునామా, ఫోను నంబరు, పాస్‌పోర్టు మొదటి పేజీ నకలుతో కలిపి ఒక ప్రతి పెద్దవారి సంచిలో, మరొకటి విశాఖలో ఇంటి దగ్గర ఉండేవారి చేతిలో పెట్టండి. తప్పిపోయినప్పుడు ఫోనులో ఛార్జింగ్ ఉండదు. ఆఫీసుకు సెలవు పెట్టేటప్పుడు తిరిగి వచ్చిన మర్నాటిని కూడా అందులో కలపండి. మేము తెల్లవారుజామున ఇంటికి చేరి, ఆ రోజంతా కిటికీ తలుపులు వేసుకుని పడుకున్నాం. సాయంత్రం అమ్మ పెద్దమ్మకు ఫోను చేసి, పెరుమాళ్ గుడి మండపం గురించి ముప్పావు గంట చెప్పింది.